టీనేజీ మెదడు మీద మందు, గంజాయి: "కణాలు చచ్చిపోతాయి" అన్న మాటలో నిజమెంత?

స్కూలు దగ్గర పాన్ డబ్బాలో గంజాయి చాక్లెట్లు దొరికాయని వార్త వచ్చిన రోజు రాత్రి టీవీ చర్చలో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "ఈ వయసులో మత్తు అలవాటైతే మెదడు కణాలు చచ్చిపోతాయి." ఇంట్లో అమ్మానాన్నలు అదే మాట పిల్లాడికి అప్పజెబుతారు. పిల్లాడు పైకి ఏమీ అనడు. కానీ వాడికి కాలేజీలో ఒక సీనియర్ తెలుసు. వారం వారం పార్టీ చేసుకుంటాడు, ఎంసెట్‌లో మంచి ర్యాంకే కొట్టాడు. కణాలు చచ్చిపోతే మరి ర్యాంకెలా వచ్చింది?

ఈ ప్రశ్నకు "నోర్మూసుకుని చదువుకో" కంటే మంచి జవాబు ఉంది. కాకపోతే అది టీవీలో చెప్పే ఒక్క వాక్యంలో ఇమడదు. టీనేజీలో మత్తు గురించి అసలు భయపడాల్సింది కణాల చావు గురించి కాదు. ఆ వయసు మెదడు దేన్నైనా చాలా త్వరగా, చాలా గట్టిగా నేర్చేసుకుంటుంది. మత్తును కూడా అలాగే నేర్చుకుంటుంది. చిక్కు అక్కడుంది.

పదేళ్లు దాటాక లోపల ఏం జరుగుతుంది

ఆరేళ్లకల్లా పిల్లల మెదడు పరిమాణంలో పెద్దవాళ్ల మెదడులో 90 శాతానికి చేరుతుంది. అందుకే ఎదుగుదల చిన్నప్పుడే ముగిసిపోతుందని చాలాకాలం అనుకున్నారు. ఎంఆర్ఐ వచ్చాక ఆ అభిప్రాయం మారింది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జే గీడ్ బృందం ఒకే పిల్లలకు కొన్నేళ్ల పాటు మళ్లీ మళ్లీ స్కాన్లు తీసి, 1999లో ఫలితాలు ప్రచురించింది. నుదుటి వెనక భాగంలో గ్రే మ్యాటర్ పదకొండు, పన్నెండేళ్ల దాకా పెరిగి, ఆ తర్వాత తగ్గుతూ రావడం అందులో కనిపించింది.

గ్రే మ్యాటర్ అంటే న్యూరాన్లు అనే నరకణాలు, వాటి మధ్య అతుకులు దట్టంగా ఉండే భాగం. ఈ అతుకులను సినాప్స్‌లు అంటారు. చిన్నతనంలో ఇవి అవసరానికి మించి ఏర్పడతాయి. తర్వాత, వాడుకలో ఉన్నవి బలపడి మిగతావి తొలగిపోతాయి. ఇంకోవైపు, న్యూరాన్ల నుంచి సాగే పొడవాటి పోగుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు పొర చుట్టుకుంటుంది. దాంతో ఒక భాగం నుంచి మరో భాగానికి సంకేతాలు వేగంగా వెళతాయి. ఈ పోగులు ఉండే భాగం వైట్ మ్యాటర్.

ఇక్కడొక సంగతి గుర్తుపెట్టుకోవాలి. టీనేజీలో గ్రే మ్యాటర్ తగ్గడం జబ్బు కాదు, ఎదుగుదలే. "తాగే పిల్లల్లో మెదడు కుంచించుకుపోయింది" అనే హెడ్డింగ్ చూసినప్పుడు అడగాల్సింది తగ్గిందా లేదా అని కాదు. ఆ వయసుకు తగ్గాల్సిన దానికంటే ఎక్కువ తగ్గిందా అని.

ఈ మార్పులన్నీ ఒకేసారి జరగవు. చూపు, స్పర్శ, కదలికలు చూసుకునే భాగాలు ముందు కుదురుకుంటాయి. ముందువెనకలు ఆలోచించడం, కోరికను ఆపుకోవడం, రేపటి సంగతి చూసుకోవడం వంటివాటితో ముడిపడిన ప్రీఫ్రంటల్ కార్టెక్స్ చివరి వరసలో ఉంటుంది. దాని పని ఇరవైల్లో కూడా సాగుతుంది.

యాక్సిలరేటర్, బ్రేకు: ఈ పోలిక ఎంతవరకు పనికొస్తుంది

టీనేజీ మెదడు గురించి ఎవరు మాట్లాడినా యాక్సిలరేటర్ బలంగా ఉంది, బ్రేకు ఇంకా బిగించలేదు అంటారు. యాక్సిలరేటర్ అంటే డోపమైన్ అనే మెదడు రసాయనం మీద నడిచే రివార్డ్ వ్యవస్థ. తిండి, పొగడ్త, గెలుపు, స్నేహితుల మెప్పు, ఇలా మళ్లీ కావాలనిపించేవన్నీ దాన్ని కదిలిస్తాయి. యౌవనం వచ్చేసరికి అది చురుగ్గా ఉంటుంది. బ్రేకు అంటే ప్రీఫ్రంటల్ కార్టెక్స్.

ఈ పోలికకు ఆధారాలు లేకపోలేదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు లారెన్స్ స్టైన్‌బర్గ్, మార్గో గార్డ్‌నర్ 2005లో ప్రచురించిన ప్రయోగంలో వేర్వేరు వయసుల వారితో కంప్యూటర్ మీద కారు నడిపే ఆట ఆడించారు. ఒంటరిగా ఆడినప్పుడు వయసుల మధ్య పెద్ద తేడా లేదు. పక్కన స్నేహితులు కూర్చుంటే మాత్రం టీనేజర్లు తీసుకున్న రిస్కు దాదాపు రెట్టింపైంది. 24 ఏళ్లు దాటినవాళ్లలో మార్పు రాలేదు. మావాడికి అన్నీ తెలుసు, అయినా ఎందుకు చేశాడని తలపట్టుకునే తల్లిదండ్రులు ఈ ప్రయోగం గురించి తెలుసుకోవాలి. వాడికి నిజంగానే తెలుసు. పక్కన ఎవరున్నారన్న దాన్ని బట్టి ఆ తెలివి పనిచేస్తుందో లేదో తేలుతుంది.

అయితే ఈ పోలికకు హద్దులున్నాయి. బ్రేకు లేని బండి అన్నట్టు చెబితే, కోట్ల మంది టీనేజర్లు ఎందుకు ఏ మత్తూ ముట్టుకోకుండా పెద్దవాళ్లవుతున్నారో అర్థం కాదు. "మెదడు పాతికేళ్లకు పూర్తవుతుంది" అన్న మాట కూడా అంతే. స్కాన్లలో 25 దగ్గర ఏ గీతా కనబడదు. అది సగటు మీద కుదిరిన గుండు అంకె. మనిషికీ మనిషికీ తేడా ఉంటుంది, ఒకే మనిషి మెదడులో భాగానికీ భాగానికీ తేడా ఉంటుంది. చట్టాల్లో ఉండే వయసులూ మెదడు స్కాన్లు చూసి పెట్టినవి కావు. మద్యం కొనడానికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 21 ఏళ్లు నిండాలి. గోవాలో 18 చాలు, ఢిల్లీలో 25 కావాలి.

ఒక స్ట్రాంగ్ బీరు లెక్క

"బీరే కదా" అనేవాళ్ల కోసం చిన్న లెక్క వేద్దాం. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు సీసా, ఆల్కహాల్ 7 శాతం అనుకుందాం. అంటే 45.5 మిల్లీలీటర్ల ఆల్కహాల్. బరువులో దాదాపు 36 గ్రాములు. 50 కిలోల పదహారేళ్ల అబ్బాయి దాన్ని గంటలో పూర్తి చేశాడనుకోండి. రక్తంలో ఆల్కహాల్‌ను అంచనా వేసే మామూలు సూత్రం ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో సుమారు 90 మిల్లీగ్రాములు తేలుతుంది. అదే సీసా 75 కిలోల పెద్దాయన తాగితే దాదాపు 55. డ్రంకెన్ డ్రైవ్ కేసుకు హద్దు 30. తిన్న తిండిని బట్టి, శరీరాన్ని బట్టి ఈ అంకెలు మారతాయి. అయినా ఒక్క సీసాతోనే ఆ కుర్రాడు హద్దుకు మూడింతల దగ్గరికి చేరాడు. మోతాదు మించి తాగడానికి అమెరికా ఆరోగ్య సంస్థలు పెట్టుకున్న గీత 80 మిల్లీగ్రాములు. దాన్నీ దాటేశాడు.

ఆ ఆల్కహాల్ లోపల ముఖ్యంగా రెండు పనులు చేస్తుంది. మెదడును నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం ప్రభావాన్ని పెంచుతుంది. చురుకు పుట్టించే గ్లుటమేట్ పనిచేసే ఎన్ఎండీఏ ద్వారాలను అడ్డుకుంటుంది. కొత్త జ్ఞాపకం నిలబడాలంటే, జ్ఞాపకాలు చూసుకునే హిప్పోక్యాంపస్ అనే భాగంలో ఈ ద్వారాలు పనిచేయాలి. తాగిన రాత్రి మాట్లాడాడు, నవ్వాడు, బండెక్కి ఇంటికి కూడా వచ్చాడు, తెల్లారి ఏదీ గుర్తులేదు అంటే కారణం ఇదే. దీన్ని బ్లాకౌట్ అంటారు. స్పృహ తప్పి పడిపోవడం వేరు, ఇది వేరు. జరుగుతున్నది అసలు రికార్డే కాకపోవడం ఇది.

పిల్లలకు మందు పోసి పరీక్షించలేరు కాబట్టి వయసు తేడాల గురించి చాలా సంగతులు ఎలుకల మీద ప్రయోగాల నుంచే తెలిశాయి. కౌమారంలో ఉన్న ఎలుకలకు, పెద్ద ఎలుకలకు ఒకే మోతాదులో ఆల్కహాల్ ఇస్తే, చిన్నవాటికి నిద్ర, తూలుడు తక్కువ. దారి గుర్తుపెట్టుకునే పరీక్షల్లో మాత్రం అవే ఎక్కువ దెబ్బతిన్నాయి. ఎలుకల సంగతి మనుషులకు అచ్చంగా వర్తించకపోవచ్చు. వర్తిస్తే మాత్రం అర్థం చాలా ఇబ్బందిగా ఉంటుంది. ఇక చాలని పెద్దవాళ్లకు శరీరం చెప్పే సూచనలు టీనేజర్‌కు ఆలస్యంగా అందుతాయి. "నాకేం కాలేదు, ఇంకోటి తెప్పించు" అనేవాడు గొప్పకు పోతూ ఉండకపోవచ్చు. వాడికి నిజంగానే ఏమీ అయినట్టు అనిపించకపోవచ్చు.

అలవాటు పడటమూ ఒక చదువే

మత్తుకు బానిస కావడాన్ని గుణంలో లోపంగా చూడటం మనకు అలవాటు. మెదడు వైపు నుంచి చూస్తే అది నేర్చుకోవడానికి చాలా దగ్గరగా ఉంటుంది. మంచి ఫలితం వచ్చిన పనికి డోపమైన్ గుర్తు వేస్తుంది: ఈ చోటు, ఈ మనుషులు, ఈ వాసన, ఈ టైము గుర్తుపెట్టుకో, మళ్లీ రా అని. మత్తు పదార్థాలు ఈ గుర్తును మామూలు సంతోషాల కంటే బలంగా వేయిస్తాయి. కొన్నాళ్లకు సీసా తెరవకముందే, శనివారం సాయంత్రం అయ్యేసరికే, ఆ ఫ్రెండ్ నుంచి మెసేజ్ రాగానే కోరిక మొదలవుతుంది.

భాష, ఆట, వాయిద్యం చిన్న వయసులో ఎందుకు త్వరగా పట్టుబడతాయో, ఇదీ ఆ వయసులో అందుకే త్వరగా పట్టుబడుతుంది. సినాప్స్‌లు వాడుకను బట్టి మిగులుతున్న కాలంలో ఏది పదే పదే వాడితే దానికి చోటు దొరుకుతుంది. నికోటిన్ దీనికి సూటైన ఉదాహరణ. న్యూరాన్ల మీద రసాయన సంకేతాలను అందుకునే చోట్లను రిసెప్టార్లు అంటారు. శ్రద్ధ, జ్ఞాపకం, ఉత్సాహం చూసుకునే రిసెప్టార్లకే అది అతుక్కుంటుంది. పదే పదే వాడితే ఆ రిసెప్టార్ల సంఖ్యే పెరుగుతుంది. పెరిగాక అవి తమ వంతు అడుగుతాయి. ఈ-సిగరెట్లను మన దేశం 2019లోనే నిషేధించింది. నిషేధంతో వేప్‌లు కాలేజీల దగ్గర మాయమయ్యాయని అక్కడి లెక్చరర్లెవరూ అనరనుకోండి.

గంజాయి: గట్టిగా తేలింది కొంత, వాదనలో ఉన్నది కొంత

"సహజమైన మొక్క కదా, సాధువులు పీల్చరా" అనే వాదన మన దగ్గర పాతదే. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ మెదడులోని సీబీ1 రిసెప్టార్లకు అతుక్కుంటుంది. ఆ రిసెప్టార్లు గంజాయి కోసం పుట్టినవి కావు. మెదడు తానే తయారుచేసుకునే కొన్ని రసాయనాల కోసం ఉన్నాయి, న్యూరాన్ల మధ్య సంకేతాల జోరును సర్దుతాయి. టీనేజీలో సాగే సర్దుబాట్లలోనూ వీటికి పాత్ర ఉంది. అందుకే శాస్త్రవేత్తలు మొదటి నుంచీ ఈ వయసు గురించి కంగారుపడుతున్నారు. పైగా సరుకు కూడా ఒకేలా ఉండటం లేదు. అమెరికాలో పోలీసులు పట్టుకున్న గంజాయిలో టీహెచ్‌సీ 1995లో సగటున 4 శాతం ఉంటే, 2014కు 12 శాతం అయ్యింది.

ఐక్యూ సంగతి చూద్దాం. న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో 1972-73లో పుట్టిన 1,037 మందిని పుట్టినప్పటి నుంచీ గమనిస్తున్నారు. టీనేజీలోనే మొదలుపెట్టి ఏళ్ల తరబడి గంజాయి మానని వారికి 38 ఏళ్లకు ఐక్యూ సగటున 8 పాయింట్లు తగ్గిందని 2012లో ప్రకటించారు. ప్రపంచమంతా హెడ్‌లైన్ అయ్యింది. మరుసటి ఏడాదే నార్వే ఆర్థికవేత్త ఓలె రోగెబర్గ్, కుటుంబాల ఆర్థిక స్థితిలోని తేడాలే ఈ తగ్గుదలను తెచ్చిపెట్టి ఉండొచ్చని వాదించాడు. 2016లో అమెరికాలో కవలల మీద రెండు అధ్యయనాల ఫలితాలొచ్చాయి. గంజాయి వాడిన కవలకు, వాడని కవలకు ఐక్యూ తగ్గుదలలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒకే ఇల్లు, ఒకే తల్లిదండ్రులు, ఒకే బడి. అంటే తగ్గుదలలో కొంతైనా ఇంటి పరిస్థితుల నుంచి వచ్చిందన్నమాట. అయితే కవలల అధ్యయనంలో డ్యునెడిన్‌లో లాగా ఇరవై ఏళ్లు ఎడతెగకుండా వాడినవాళ్లు లేరు. ఇరుపక్షాల మాటలోనూ బలముంది. నా మటుకు 8 పాయింట్ల అంకెను పోస్టర్ మీద రాయడానికి సాహసించను.

మతి చలించే జబ్బుల విషయంలో ఆధారం ఇంతకంటే గట్టిది. స్వీడన్‌లో సైన్యంలో చేరడానికి వచ్చిన 45 వేల మందికి పైగా యువకులను 15 ఏళ్లు గమనించి, 1987లో ఫలితాలు ప్రచురించారు. 18 ఏళ్లకు ముందే 50 సార్లకు మించి గంజాయి వాడినవారికి స్కిజోఫ్రెనియా వచ్చే అవకాశం ఆరు రెట్లు ఉంది. "ఆరు రెట్లు" అంటే గుండె జారుతుంది కాబట్టి మామూలు లెక్కలో చెప్పుకుందాం. వాడనివాళ్లలో దాదాపు 200 మందికి ఒకరు. బాగా వాడినవాళ్లలో దాదాపు 35 మందికి ఒకరు. మిగతా 34 మందికి ఆ జబ్బు రాలేదు. ముందే ఉన్న మానసిక సమస్యలను, ఇతర తేడాలను పక్కకు తీస్తే ఆరు రెట్లు కాస్తా రెండు మూడు రెట్లకు తగ్గింది. అయినా తేడా పూర్తిగా పోలేదు. తర్వాత వేరే దేశాల్లో చేసిన అధ్యయనాలూ ఇదే వైపు చూపించాయి. కుటుంబంలో ఇలాంటి జబ్బు ఉన్న పిల్లలకు ముప్పు మరింత ఎక్కువ.

వార్తల్లోకి రాని వైట్నర్

2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసిన దేశవ్యాప్త సర్వేలో ఒక వరస మిగతావాటికి ఎదురు తిరిగి ఉంటుంది. మద్యం, గంజాయి వంటి మిగతావన్నీ పెద్దవాళ్లలోనే ఎక్కువ. పీల్చే పదార్థాలు, అంటే వైట్నర్, జిగురు, థిన్నర్, పెట్రోలు వంటివి మాత్రం పిల్లల్లో ఎక్కువ: పెద్దల్లో 0.58 శాతం, 10 నుంచి 17 ఏళ్ల వారిలో 1.7 శాతం. రైల్వే స్టేషన్లలో గుడ్డ ముక్కను ముక్కు దగ్గర పెట్టుకుని కూర్చునే పిల్లలను మనమంతా చూశాం, చూడనట్టు దాటి వచ్చాం.

"కణాలు చచ్చిపోతాయి" అన్న మాటకు అన్నిటికంటే దగ్గరగా వచ్చేది ఇదే. జిగురు, థిన్నర్లలో ఉండే టొలీన్ కొవ్వులో కరిగే ద్రావకం. మైలిన్ కొవ్వు పొర. ఏళ్ల తరబడి పీల్చినవారి వైట్ మ్యాటర్ దెబ్బతినడం స్కాన్లలో స్పష్టంగా కనిపిస్తుంది. మొదటిసారి పీల్చినప్పుడే గుండె లయ తప్పి ప్రాణం పోయిన కేసులూ ఉన్నాయి. అయినా టీవీ చర్చలు కొకైన్ పార్టీల గురించే జరుగుతాయి.

ముందు ఏది: మత్తా, మెదడులో తేడానా?

ఈ రంగంలో అసలు చిక్కుముడి ఇది. 15 ఏళ్లలోపు తాగడం మొదలుపెట్టినవారిలో 40 శాతానికి పైగా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలయ్యారని, 20 దాటాక మొదలుపెట్టినవారిలో అది 10 శాతమేనని 1997లో ఒక అమెరికా విశ్లేషణ తేల్చింది. చూడగానే, త్వరగా మొదలుపెట్టడమే కారణం అనిపిస్తుంది.

ఇద్దరు కుర్రాళ్లను ఊహించుకోండి. ఒకడి తండ్రి రోజూ తాగుతాడు, ఇంట్లో గొడవలు, వాడిది దూకుడు స్వభావం. పదమూడో ఏటే మందు ముట్టాడు. రెండోవాడి ఇల్లు ప్రశాంతం, స్వభావం నెమ్మది. ఇరవై ఒకటో ఏట ఎవరి పెళ్లిలోనో మొదటిసారి తాగాడు. ముప్పై ఏళ్లు వచ్చేసరికి మొదటివాడు బానిసయ్యాడు, రెండోవాడు కాలేదు. కారణం మొదలుపెట్టిన వయసా? తండ్రి నుంచి వచ్చిన జన్యువులా? ఇంటి గొడవలా? మద్యానికి బానిసయ్యే అవకాశంలో దాదాపు సగం వంశపారంపర్యమని కవలల అధ్యయనాలు చెబుతున్నాయి. కాబట్టి 40 శాతం అంకెలో కొంత భాగం వయసుది కాదు, మొదటి నుంచీ వేరుగా ఉన్న జీవితాలది.

దీన్ని విడదీయాలంటే తాగడం మొదలుకాకముందే స్కాన్ తీసి, తర్వాత ఏళ్ల తరబడి వెంటపడాలి. అమెరికాలో అలాంటివి రెండు జరుగుతున్నాయి. 12 నుంచి 21 ఏళ్ల వయసున్న 831 మందితో మొదలైన ఎన్‌కాండా అధ్యయనంలో, భారీగా తాగడం మొదలుపెట్టినవారి మెదడు ముందుభాగంలో గ్రే మ్యాటర్ మిగతావారి కంటే వేగంగా తగ్గిందని 2018లో తేలింది. ఇది మందు వైపు వేలు చూపిస్తుంది. రెండోది ఏబీసీడీ. 2016 నుంచి 2018 మధ్య తొమ్మిది, పదేళ్ల పిల్లలను దాదాపు 12 వేల మందిని చేర్చుకున్నారు. 15 ఏళ్లలోపు ఏదో ఒక మత్తు రుచి చూసినవారి మెదళ్లలో, అది ముట్టకముందే, తొమ్మిది పదేళ్ల నాటి స్కాన్లలోనే చిన్న చిన్న తేడాలు ఉన్నాయని 2024లో వెల్లడైంది. ఇది వెనక్కి, పుట్టుక వైపు, పెంపకం వైపు వేలు చూపిస్తుంది.

రెండూ నిజం కావచ్చు. కొందరు పిల్లలు మత్తు వైపు మొగ్గే మెదడుతోనే టీనేజీలోకి అడుగుపెడతారు, ఆ తర్వాత మత్తు తన వంతు మార్పు తాను చేస్తుంది. ఇవన్నీ వేల మంది మీద తీసిన సగటులు. ర్యాంకు కొట్టిన సీనియర్ ఒక్కడు ఈ సగటులను కొట్టేయలేడు, ఈ సగటులూ వాడి భవిష్యత్తును చెప్పలేవు. వాడు తాగకుండా ఉంటే ఏ ర్యాంకు వచ్చేదో ఎవరికీ తెలియదు కూడా.

"బయట తాగే బదులు ఇంట్లోనే కొంచెం ఇస్తే"

యూరప్‌లో భోజనంతో పాటు పిల్లలకు కాస్త వైన్ ఇస్తారు, అందుకే వాళ్లకు అదుపు తెలుస్తుందనే వాదన చదువుకున్న ఇళ్లలో వినిపిస్తుంది. పల్లెల్లో ఈ వాదనతో పనిలేకుండానే పండక్కి పిల్లలకు కల్లు పోసే ఇళ్లున్నాయి. ఆస్ట్రేలియాలో 1,927 మంది పిల్లలను 12 నుంచి 18 ఏళ్ల దాకా గమనించిన అధ్యయనం 2018లో లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చింది. తల్లిదండ్రులే పోసిన పిల్లలకు దానివల్ల రక్షణ దొరికిన జాడ ఎక్కడా లేదు. పైగా వాళ్లు బయటి నుంచి కూడా తెచ్చుకుని తాగే అవకాశం పెరిగింది. ఇక్కడా ముందు చెప్పుకున్న చిక్కే ఉంది: పిల్లలకు పోసే ఇళ్లు మిగతా విషయాల్లోనూ వేరుగా ఉండొచ్చు. కానీ "ఇంట్లో ఇస్తే మంచిది" అనేవాళ్ల దగ్గర ఇంతటి ఆధారం కూడా లేదు.

మన కల్లుకు ఇంకో లెక్క కలుస్తుంది. తెలంగాణలో కల్తీ కల్లులో అల్ప్రజోలమ్, డయజెపామ్ వంటి మత్తుమందులు కలుపుతారు. ఇవీ గాబా మీదే పనిచేస్తాయి, ఆల్కహాల్ చేసే పనినే రెట్టింపు చేస్తాయి. 2015లో కల్లు దుకాణాల మీద దాడులు పెరిగాక నిజామాబాద్ లాంటి జిల్లాల్లో వణుకు, ఫిట్స్, వింత ప్రవర్తనతో జనం ఆసుపత్రులకు వచ్చారు. తాగినందుకు కాదు, అలవాటైనది ఉన్నట్టుండి దొరకనందుకు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలే తీసింది. పండక్కి పిల్లాడి గ్లాసులో పోసేది తాటిచెట్టు నుంచి దిగిందేనా అన్నది పోసేవారికీ తెలియదు.

ఆపేస్తే మెదడు కోలుకుంటుందా

ఏది వాడారు, ఎంతకాలం వాడారు అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. అల్ప్రజోలమ్ లాంటివి, ఎక్కువకాలం భారీగా తాగిన మందు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంటుంది. అందుకే డాక్టర్లు మెల్లగా మాన్పిస్తారు. టొలీన్ చేసిన నష్టం చాలావరకు తిరిగి రాదు.

గంజాయి విషయంలో బోస్టన్‌లో 2018లో వచ్చిన ఒక అధ్యయనం ఆసక్తికరంగా ఉంటుంది. వారానికి కనీసం ఒకసారి గంజాయి వాడే 16 నుంచి 25 ఏళ్ల యువతీయువకులు 88 మందిని తీసుకున్నారు. కొందరికి డబ్బు ఇచ్చి నెల రోజులు మానిపించారు, మానారో లేదో మూత్ర పరీక్షలతో చూసుకున్నారు. మిగతావాళ్లు ఎప్పటిలాగే వాడారు. మానినవారికి కొత్త విషయాలు గుర్తుపెట్టుకునే శక్తి మెరుగైంది. అందులో ఎక్కువ భాగం మొదటి వారంలోనే వచ్చింది. ఏకాగ్రత పరీక్షల్లో మాత్రం నెల తర్వాత కూడా మానినవారికీ, మాననివారికీ తేడా కనబడలేదు.